కాకాకు నేను చూసిపెట్టిన శాంతమైన గది

ఈ సోలాపూర్‌లో ఉత్త నిశ్శబ్దంతో ఒక మనిషిని చంపబోయిన వీరుణ్ణి నేనొక్కణ్ణే. అదీ పగవాణ్ణి కాదు, చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసిన మా అంబాదాస్ కాకాను. నాలుగేళ్ల కింద నాకు తెలివి ఇప్పటికన్నా చాలా ఎక్కువగా ఉండేది, అందుకే ఇంత పని జరిగింది. నవ్వుతూనే చెప్తాను. మధ్యలో ఎక్కడన్నా నా గొంతు తడబడితే చూసీ చూడనట్టు పోండి.

కాకా మా నాయిన తమ్ముడు. ఇక్కడి దాజీ పేట్‌లో సాంచెల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, నలభై ఏళ్లు చద్దర్లు నేశాడు. పిల్లల్లేరు. కింద సాంచెల షెడ్డు, పైన ఒక్క గది. ఆ గదిలో లక్ష్మి చిన్నమ్మ ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేది. ఆ షెడ్డు మోత ఎట్లాంటిదంటే, గోడకున్న దేవుడి పటాలు కూడా రోజంతా తలూపుతూ ఉండేవి. అక్కడ రహస్యం చెప్పాలన్నా అరిచే చెప్పాలి.

చిన్నమ్మ పోయిన ఏడాదికి కాకా మోకాళ్లు ఆ మెట్లు ఎక్కనన్నాయి.

"మా ఇంటికి రా కాకా," అన్నాను.

"రాను. మీ ఇంట్ల నేను చుట్టమైత. నీ పెండ్లాం దినాం 'ఇంకో రొట్టె' అంటది, నేను దినాం 'వద్దు బిడ్డా' అనాలె. సచ్చిపోతరా గా మర్యాదకు."

"మరేం జేస్తవు?"

"హోట్గి రోడ్ దిక్కు అరవై దాటినోళ్లకని కట్టిన జాగ ఉన్నదట. ఎవరి రూము వాళ్లది, ఎవరి స్టవ్వు వాళ్లది. నా తలుపు నేను ఏసుకోవాలె, నా చాయ నేను పెట్టుకోవాలె. గంతే. జర మంచి రూము చూసిపెట్టు."

చూసిపెట్టు అన్నాడో లేదో, నేను పిల్లకు సంబంధం చూడబోయే మేనమామలా ముస్తాబైపోయాను. అరవై రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. అక్కడికెళ్లి నల్లా తిప్పి, పారే నీళ్లను అరనిమిషం అనుమానంగా చూశాను. వంటవాడి పప్పు వాసన చూసి, వాడి తాత ఊరేదో అడిగాను. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు పెట్టిన కడ్డీకి నా తొంభై కిలోలూ వేలాడదీశాను. కడ్డీ పాసైంది, నా చొక్కా చంక ఫెయిలైంది.

కాకా నా వెనక నడిచాడు. బట్టలుతికే మిషన్ల పక్కన ఒక ఖాళీ గది దగ్గర మాత్రం ఆగాడు.

"మేడమ్, గీ రూము?"

"అది వద్దు ఆజోబా," అంది మేనేజరమ్మ, కాకాను మరాఠీలో తాతా అని పిలుస్తూ. "పొద్దంతా మిషన్ల ధడధడ. ఎవ్వరూ తీసుకోరు."

"దాని దిక్కు చూడను కూడా చూడొద్దు!" అన్నాను. "మోతల ఉండి ఉండి మా కాకా చెవులు అరిగిపోయినయి. మీ దగ్గర అన్నిటికంటె శాంతంగ ఉండే రూము చూపెట్టుండ్రి."

చూపెట్టింది. అన్నిటికన్నా వెనక, రోడ్డుకు దూరంగా. "ఇథే ఎకదమ్ శాంతతా!" అంది గర్వంగా, ఇక్కడ పూర్తి శాంతమేనని. నిజమే. అక్కడ పిట్ట కూడా పర్మిషన్ తీసుకుని కూస్తుంది. నేను పరవశించిపోయి అప్పటికప్పుడు ఒప్పేసుకున్నాను. తిరిగొస్తూ కాకా ఆ మిషన్ల పక్క గదివైపు రెండుసార్లు మెడ తిప్పి చూశాడు. మెడ పట్టేసిందనుకుని మర్నాడు నొప్పుల మందు కొనిచ్చాను. మీరే చెప్పండి, ఇంత తెలివి ఒక్క బుర్రలో పట్టాలంటే ఎంత చోటు కావాలి!

కాకా అందులో చేరిన మూడో రోజు మేనేజరమ్మ ఫోన్ చేసింది.

"సర్, మీ కాకా నిద్రపోవడం లేదు. పడుకున్న పది నిమిషాలకే దిగ్గున లేస్తారు. చెయ్యి గాల్లో దేన్నో పట్టి లాగుతుంది. తర్వాత వెళ్లి నీళ్ల మోటారుకు, లిఫ్టుకు, వంటింట్లో మిక్సీకి చెవి పెడతారు. నిన్న పక్కగదిలో ఉండే రిటైర్డ్ టీచరు గురూజీ గడియారం ఆగిపోతే, గురూజీకన్నా ముందు ఈయనే కనిపెట్టి తలుపు కొట్టారు."

అప్పుడు గుర్తొచ్చింది ఈ మహానుభావుడికి. నాలుగు సాంచెలు చూసుకునే మనిషి మోతలోనే కునుకు తీస్తాడు. పోగు తెగి ఒక్క సాంచె ఆగిందా, ఆ ఆగడానికే మెలకువ వస్తుంది. లోకమంతా చప్పుడైతే లేస్తుంది, మా దాజీ పేట్ చప్పుడాగితే లేస్తుంది. అట్లాంటి మనిషిని తీసుకుపోయి, ఇరవైనాలుగు గంటలూ ఆగిపోయి ఉండే గదిలో పడేశాను.

తెలివైనవాడు తప్పు చేస్తే దిద్దకుండా ఊరుకుంటాడా? పాత షెడ్డుకెళ్లి గంటసేపు సాంచెల మోత ఫోన్‌లో రికార్డు చేశాను. మర్నాడు మధ్యాహ్నం కాకా భోజనం చేసి ఒరగ్గానే దిండు పక్కన పెట్టి మోగించాను. కాకా కళ్లు మూతలు పడ్డాయి. నేను నా భుజం నేనే తట్టుకోబోతుంటే కాకా దిగ్గున లేచి నా మీద అరిచాడు.

"అరేయ్ యంకటీ! మూడో సాంచె బంద్ చెయ్యమను!"

"ఏ సాంచె కాకా? ఇది ఫోను."

"ఫోనయితేంది? నాడె దెబ్బ సక్కగ పడుతలేదు. ఇంకో గడియైతె చద్దరంత ఖరాబ్! సేటుకు చెప్పు!"

"ఇది నిన్నటి మోత కాకా."

"నిన్నటిసంది గట్లనే నడిపిస్తున్నరా? హాయ్ రామా!"

ఆ కేకకు రిటైరైన బ్యాంకు ఆఫీసర్లు, టీచర్లు చేతికర్రలతో సహా తలుపు దగ్గర గుమిగూడారు. నేను గబగబా ఫోన్ ఆపేశాను. సాయంత్రం నేను చెబితే షెడ్డు యజమాని సేటు మిస్త్రీని పంపి చూపించాడు; మూడో సాంచె నాడెలో, అంటే పోగును అటూ ఇటూ మోసే దాంట్లో, లోపం నిజంగానే దొరికింది. అది వేరే సంగతి.

అందరూ వెళ్లిపోయాక గదిలో ఆ శాంతతా మళ్లీ వచ్చి కూర్చుంది. కాకా దిండు కిందినుంచి ఒక కత్తెర తీశాడు. పిడికి గుడ్డ చుట్టిన పాత కత్తెర.

"మీ చిన్నమ్మది," అన్నాడు. "గా దినం నేను పగటిపూట అన్నం తిని ఒరిగిన. కింద నాలుగు సాంచెలు నడుస్తున్నయి. ఒక్క పోగు తెగలే. మంచిగ నిద్ర పట్టింది. లేచి చూస్తె ఆమె గోడకు ఒరిగి ఉన్నది. చేతిల ఆకు సగమే కత్తిరించి ఉన్నది."

కత్తెర పిడికున్న గుడ్డ సవరించి మళ్లీ అన్నాడు.

"సాంచె ఆగితె లేస్తనని నలభై ఏండ్లు సేట్లు మెచ్చుకున్నరు. కత్తెర ఆగితె లేవలేదురా నేను. ఈ రూముల ఇంకేం చప్పుడు లేదు గదా. పండుకుంటె చాలు, గా కత్తెర ఆగిందే ఇనవడ్తది."

అరవై రెండు ప్రశ్నలు రాసుకున్నానని చెప్పాను కదా. నీళ్లున్నాయి, పప్పుంది, వంటవాడి తాత కూడా ఉన్నాడు. మా కాకా కళ్లు మూసుకుంటే ఏం వింటాడన్న ప్రశ్న ఒక్కటే లేదు.

ఆ సాయంత్రమే మిషన్ల పక్క గదికి సామాను మార్చాం. ఆదివారం మధ్యాహ్నం వెళ్లేసరికి గోడ అవతల మిషన్లు ధడధడమంటున్నాయి, కాకా నోరు తెరిచి నిద్రపోతున్నాడు. కుర్చీలో కూర్చుని, ఈ విజయం నాదేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. అంతలో ఉతుకు అయిపోయినట్టుంది, మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

కాకా రెప్పలు కదిలాయి. చెయ్యి గాల్లోకి లేచింది. కిటికీలో చిన్నమ్మ కత్తెర కనపడింది, బల్ల మీద పేపర్ కనపడింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే కత్తిరించడం మొదలుపెట్టాను. కర్, కర్, కర్.

ఆ చెయ్యి మెల్లగా ఛాతీ మీదికి దిగింది. కళ్లు తెరవకుండానే అన్నాడు:

"ఆపకు లచ్చిమీ."

ఆపలేదు. మిషన్లు మళ్లీ మొదలయ్యేదాకా ఆపలేదు. అప్పటికి నా ఒళ్లో పేపర్ మొత్తం తునికాకు సైజు ముక్కలై ఉంది, నా ముక్కు కారుతూ ఉంది. తలుపు నెమ్మదిగా తెరుచుకుని గురూజీ తల లోపలికి వచ్చింది.

"నా పేపర్ ఇక్కడ మరిచిపోయాను. ఇంకా చదవలేదు..." అని, నా ఒడి చూసి ఆగిపోయాడు.

రెండు చేతులా ముక్కలు ఎత్తి చూపించాను. మరి ఇంకేం చెయ్యను?

కాబట్టి చదువరులారా, గురూజీ గడియారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు ఎవరికి ఇల్లు చూడబోయినా నా చెవులు ఇంట్లో వదిలి, వాళ్ల చెవులతో వెళ్తాను. ఇతరుల పేపర్ జన్మలో ముట్టను. ప్రతి ఆదివారం నా పేపర్ నేనే కొనుక్కుని పోతున్నాను. వార్తల కోసం కాదు. ప్రకటనల పేజీలు మందంగా ఉండేది చూసి కొంటాను. కత్తిరిస్తే తునికాకు చప్పుడుకు కొంచెం దగ్గరగా ఉంటుంది.