పెద్దమ్మవి పన్నెండు రోజులు

నల్గొండ నుంచి ఇంటికి వెళ్తూ నకిరేకల్‌లో బస్సు దిగగానే నిమ్మకాయల వాసన తగులుతుంది. ఎండకు వేడెక్కిన బస్తాల వాసన అది. కొంచెం పులుపు, కొంచెం గోనె. అప్పుడు నాకు నర్సమ్మ పెద్దమ్మ చేతులు గుర్తుకొస్తాయి.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. నిమ్మ మార్కెట్‌లో కాయలు ఏరే పని. పెద్దవి, నడిమివి, చిన్నవి అని చూడకుండానే చేత్తో వేరుచేసేది. మచ్చకాయలను బస్తా అడుగున వెయ్యమని వ్యాపారి అంటే వినేది కాదు. "గా పని నీ చేతులతోని చేస్కో సేటూ" అనేది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. పుస్తకం పట్టుకుని వాళ్ల అరుగు మీద కూర్చుంటే ఏమీ అడగకుండా కూర్చోనిచ్చేది. మంచి బతుకంటే ఏమిటి లాంటి ప్రశ్నలు డైరీలో రాసుకునే వయసు నాది. ఆమె అలాంటి మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

ఒక వేసవిలో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. కొడుకు శ్రీనన్న హైదరాబాద్ దవాఖానలో చూపించుకొచ్చాడు. మా వైపు పెద్ద జబ్బయితే ఇల్లంతటికీ చెబుతారు, జబ్బుపడిన మనిషికి తప్ప. అదే ప్రేమ అనుకుంటాం. మర్నాడు పెద్దమ్మ నన్ను పిలిచి కాగితాలు చేతిలో పెట్టింది.

"ఇంగ్లీషుల ఉన్నది బిడ్డా. జర సదువు."

క్యాన్సర్ అని ఉంది. కాలేయానికి పాకిందని ఉంది. ఆమె వెనక నిలబడ్డ శ్రీనన్న వద్దన్నట్టు తల ఊపాడు.

"పేగుల పుండట పెద్దమ్మా. మందులకు తగ్గుతదట" అన్నాను.

ఆమె నా మొహం చూసి కాగితాలు మడిచింది.

పన్నెండు రోజులు నేను డిగ్రీ పరీక్షల పేరు చెప్పి ఆ అరుగెక్కలేదు. పదమూడో రోజు ఆమే గోడ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"గిది పుండు నొప్పి గాదు, నాకెరుకైతాంది. అబద్ధం నా కోసం చెప్పినవా, నీ కోసం చెప్పినవా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏడ్చింది నేనే.

"ఊకో. నన్ను రామన్నపేటకు తోల్కపో."

రామన్నపేటలో ఆమె చెల్లెలు ఎల్లమ్మ ఉంది. ఎల్లమ్మ కూతురు ప్రేమపెళ్లి చేసుకున్నప్పుడు పెద్దమ్మ పదిమందిలో చెల్లెలి పెంపకాన్ని తిట్టింది. ఆరేళ్లుగా మాటల్లేవు. ఫోన్ చేస్తే ఆమే వస్తుంది కదా అన్నాను.

"మంచం కాడికి పిలిస్తే, సచ్చేదాన్ని చూసి మాఫ్ చేస్తది. గది మాఫ్ చేసుడు గాదు."

ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. గుంత వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుంది. "మొన్ననైతే బస్సుల కూసోని వచ్చేదాన్ని" అంది మధ్యలో. "ఆ పన్నెండు దినాలు నాయి బిడ్డా. నువ్వూ శ్రీనూ తీసుకున్నరు." గొంతులో కోపం లేదు.

చెల్లెలి వీధి మొదట్లో ఆటో ఆపించి, కొంగు సర్దుకుని, తిన్నగా నడవాలని చూసింది. రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. ఎల్లమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఆరేండ్లకు తొవ్వ దొరికిందా?" అని, మనిషిని చూసి ఆగిపోయింది. "ఏందక్కా, గిట్లయినవ్?"

"అది తర్వాత చెప్త. నిన్ను అనరాని మాటన్న. తప్పు నాది."

ఎల్లమ్మ తడి చీరను తాడు మీద వేసింది. "మాట పడ్డది నా బిడ్డ గూడ. దాన్ని అడగాలె" అంది. తరువాత మంచినీళ్లు తెచ్చి, జబ్బు సంగతి అడిగింది. పెద్దమ్మ చెప్పింది.

ఆ వారంలోనే ఎల్లమ్మ, కూతురు ఇద్దరూ వచ్చారు. చివరిదాకా ఎల్లమ్మే దగ్గరుండి చూసుకుంది. మాఫ్ చేసి వచ్చిందో, జాలిపడి వచ్చిందో పెద్దమ్మకు తెలియలేదు. "దాన్ని అడిగితే మాత్రం ఏం చెప్తది" అని నాతో ఒకసారి అంది. పన్నెండు రోజుల ముందు తన కాళ్ల మీద రామన్నపేట వెళ్లి ఉంటే తెలిసేది.

నేనిప్పటికీ నలుగురిలో మాట్లాడలేను. కానీ ఎవరైనా తమ గురించి నన్నేదైనా అడిగితే, జవాబు కోసం వాళ్ల వెనక నిలబడ్డవాళ్ల వైపు చూడను.