ఎక్కు అన్నప్పుడల్లా కరిచిన పిట్ట

పిట్ట తల మీది కుచ్చు ఒక్కసారిగా వెనక్కి పడి నెత్తికి అంటుకుపోయింది. నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే. కాకటీల్ చిలుక కుచ్చు నిక్కబొడుచుకుంటే ఏదో గమనిస్తోందని అర్థం, అలా అణిగిపోతే మంచిది కాదు. ఏడేళ్ల నా కూతురు పంజరం తలుపు తీసి, "ఎక్కు" అంటూ వేలు చాచింది. పక్కనే పద్నాలుగు నెలల కొడుకు పంజరం చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. వాడి ముఖం సరిగ్గా తలుపు ఎత్తులో ఉంది. నేను వంటింట్లోంచి అరిచేలోపే కూతురి వేలి నుంచి రక్తం కారింది. వాడి కంటికీ ఆ ముక్కుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"ఆదివారం పోచారం అడవి కాడ ఇడిచిపెట్టొస్త," అన్నాడు మా ఆయన, గాయం చూసి. "పిల్లగాని కన్ను పోయినంక ఏడుస్తవా?"

రెండేళ్లుగా కామారెడ్డిలో మా ఇంట్లో పెరిగిన పిట్ట అది. నా కూతురి భుజం మీద కూర్చుని హోంవర్కు కాగితాల అంచులు కొరికేది, ఈల వేస్తే ఈల వేసేది. దసరా తర్వాత మారింది. ముట్టుకుంటే బుస కొట్టేది, తెల్లవారుతూనే అరిచేది. అయితే మా ఆయనను మాత్రం ఎన్నడూ కరవలేదు. ఆయన దాన్ని ఎక్కించుకోడు, అరచేతిలో నాలుగు కొర్రలు పెట్టి ఊరుకుంటాడు. అది మగవాళ్లకే లొంగే పిట్ట అనుకున్నాను.

అది కరవడం మొదలైనప్పుడే, ఫోన్‌లో వీడియోలు చూసి నేనే శిక్షణ మొదలుపెట్టాను. పొట్టకు వేలు ఆనించి మెల్లగా నెట్టాలట. కరిచినా వేలు వెనక్కి తీయకూడదట, తీస్తే అది గెలిచినట్టట. రోజుకు ఇరవైసార్లు "ఎక్కు" అన్నాను. కరిచినప్పుడల్లా పంజరం మీద దుప్పటి కప్పాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను.

మా అత్తమ్మ ఎల్లారెడ్డి నుంచి దసరాకే వచ్చింది. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాకా పిల్లలను చూసుకునేది ఆమే. వస్తూ వస్తూ బీడీల చాట, కత్తెర, తునికాకు కట్ట, పొగాకు పొడి మూట తెచ్చుకుంది. పెళ్లి కాకముందు నుంచీ బీడీలు చుట్టిన మనిషి, చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు తోచదు.

"మా ఊర్ల పశువుల డాక్టరున్నడు. రిటైరైండు గాని చెయ్యి మంచిది," అని ఆమే చెప్పింది. "ఇడిచిపెట్టే ముందు ఒకసారి సూపియ్యిరాదు."

శనివారం పంజరానికి చున్నీ చుట్టి, కూతురిని తీసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. "పిట్టకు సీటు కావాల్నా అక్కా?" అని కండక్టర్ నవ్వాడు. నా కూతురు మాత్రం దారి పొడుగునా పంజరాన్ని ఒళ్లోంచి దించలేదు.

"బర్లను తెస్తరు, మేకలను తెస్తరు. పిట్టను తెచ్చినవా బిడ్డా?" అంటూనే డాక్టర్ దాన్ని తువ్వాలతో ఒడుపుగా పట్టి వెల్లకిలా తిప్పాడు. కళ్లజోడు పెట్టుకుని దాని కాళ్లు చూశాడు. తర్వాత నాకు చూపించాడు.

రెండు అరికాళ్లూ ఎర్రగా పగిలి ఉన్నాయి. ఒకచోట పచ్చి పుండు.

"పుండ్ల మీద నిలబడ్డది పాపం. ఇగ ఎక్కుమంటే కరవక ముద్దు పెట్టుకుంటదా?"

రోజుకు ఇరవైసార్లు.

"మీ ఇంట్ల బీడీలు చేస్తరా?"

"మా అత్తమ్మ చేస్తది. కాని పిట్టను అస్సలు ముట్టుకోదు."

ఆయన నా వంక చూడలేదు. నా కూతురి చెయ్యి అందుకుని వాసన చూశాడు. పిల్ల వెంటనే ఏడుపు అందుకుంది. "అమ్మా, బీడీల కొసలే ముడుస్తున్న... బడి నుంచి వచ్చినంక... బాపమ్మ నీకు చెప్పొద్దన్నది."

చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని నేనూ చుట్టిన బీడీల కొసలు ముడిచిన దాన్నే. వేళ్ల చివర్లు నల్లగా ఉండేవి, బడిలో చేతులు వెనక్కి దాచుకునేదాన్ని. నా బిడ్డ చాట ముట్టదని దాన్ని కన్నరోజే అనుకున్నాను. రోజూ సాయంత్రం ఆ చేతులతోనే నా పక్కన కూర్చుని అన్నం తింటుంటే నాకు తెలియలేదు. పని కాగానే గౌనుకు తుడుచుకుని, అవే చేతుల మీద పిట్టను నిలబెట్టుకుందట.

"తంబాకు పడదు వీటికి. చర్మం పల్చన," అన్నాడు డాక్టర్. మందు రాసిచ్చి, అది కూర్చునే కర్రకు మెత్తటి గుడ్డ చుట్టమన్నాడు. పోచారం సంగతి కూడా ఆయనకు చెప్పాను. "మానేదాక ఎక్కుమని అడగకు. అరచేతుల గింజలు పెట్టు, వస్తే వస్తది. పోచారంల ఇడిస్తే మాత్రం రెండో రోజు గద్దకే."

ఇంటికి రాగానే అత్తమ్మతో గట్టిగానే అన్నాను. ఆమె చాట మీంచి తల ఎత్తలేదు. "తంబాకు చేతులతోనే నీ మొగన్ని పెంచిన. వాడు ఎవలనన్న కరిసిండా?"

నేను పిట్ట కాళ్లు చూపించాను. వంగి చూసింది. అంతలో ఆమె చూపు నా వెనక్కి పోయింది. కొడుకు పాకుతూ వచ్చి చాట పక్కన కూర్చున్నాడు. వాడి పెదాల మధ్య తునికాకు ముక్క. నోటి చుట్టూ గోధుమరంగు పొడి.

దాన్ని ఆమే లాగేసింది. వాడి నోరు తనే కడిగింది. ఆ తర్వాత చాట, కట్ట, తంబాకు మూట ఎత్తుకుని మెట్లెక్కి పైన రేకుల గదిలో పెట్టొచ్చింది. మా ఆయన పంజరం దగ్గర కూర్చుని పిట్ట కాళ్లు చూస్తూ ఉండిపోయాడు. పోచారం మాట మళ్లీ ఎత్తలేదు.

నేను కాపలా కాసింది పిట్ట ముక్కు దగ్గర, ప్రమాదం ఉన్నది చాట దగ్గర.

తెల్లారి పిల్లలిద్దరినీ పంజరం ముందు కూర్చోబెట్టాను. చిన్నవాడికి అర్థం కాదు, అయినా వాడికీ చెప్పాను.

"పిట్ట మంచిదే. కాళ్లు నొస్తున్నయని అన్ని రోజుల సంది చెప్పింది, నేనే వినలేదు. దుప్పటి కప్పి నోరు మూపిచ్చిన. తప్పు నాది. ఇగ దాన్ని ఎవ్వరు ఎక్కుమనొద్దు. సబ్బుతోని చేతులు కడుక్కుని గింజలు పట్టుకుని కూసోవాలె, అంతే."

నా కూతురు తల వంచుకుంది. "బాపమ్మ మీద కోపం చేసినవా?"

"చేసిన. తగ్గుతది. నువ్వు ఒక్కటి యాదుంచుకో బిడ్డా. ఎవ్వలకు చెప్పొద్దని ఎవలన్న అంటే, బాపమ్మైనా సరే, నేనే అన్నా సరే, ఆ ముచ్చట ముందుగాల ఇంట్ల ఇంకొకరికి చెప్పాలె."