పేరు తీసేసిన ముక్క

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు ఆసుపత్రిలో నా కడుపులోంచి కొబ్బరికాయంత గడ్డ తీశారని ఊరంతా చెప్పుకు తిరిగాను. నిజానికి అది నిమ్మకాయంతే. అందులో చిన్న ముక్కని పరిశోధనకు ఇమ్మని అడిగిన అమ్మాయి గురించి మాత్రం ఒక్క మాట కూడా పెంచి చెప్పను. ఏమడిగినా తల కాస్త పక్కకి వంచి, "ఇంకా తెలియదండీ" అనేది.

క్యాన్సర్ గడ్డలో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో, ఒంట్లోని రక్షక కణాలు దానిమీదికి వచ్చాయో లేదో చూస్తే, రోగి కోలుకునేదీ లేనిదీ ముందే చెప్పొచ్చేమోనని ఆమె వెతుకులాట.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వరండాలో కనిపించింది.

"మా మిర్చి యార్డులో గుప్పెడు కాయలు చూసి బస్తా సంగతి చెప్పేస్తారమ్మా. మరి నా ముక్క ఏమంటోంది? బతుకుతానా?" అన్నాను. నవ్వుతూనే అడిగాను గానీ ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.

ఆమె తల వంచింది. "ముక్కల మీద పేర్లు తీసేసి మాకిస్తారు బాబాయ్ గారూ. అందులో మీదేదో నాకు తెలియదు."

"అయితే నా సంగతి నీకెప్పటికీ తెలియదన్నమాట!"

"తెలియదండీ. అందుకే ప్రతి ముక్కా మీదే అనుకుని చూస్తున్నాను," అంది.