యోక్‌ని పట్టుకున్న యోక్

డబ్లిన్‌లో చెర్రీవుడ్ వెళ్లే ట్రామ్‌లో నా పక్కన కూర్చున్న పోలండ్ ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని చెమటలు కక్కుతోంది. ఏదో బేకరీలో పిండి కలిపే పోలిష్ యంత్రం ఆగిపోయిందట. పిండేమో పొంగి తొట్టి దాటుతోందట. ఏ భాగం వదులు చేయాలో పోలిష్ పుస్తకంలో ఉంది. దాన్ని మెకానిక్‌కి ఇంగ్లిషులో చెప్పాల్సిన అనువాదకురాలు ఈవిడే.

నా ఒళ్లోని సైటు హెల్మెట్ చూసి, "ఇంజనీరేగా మీరు? దీన్నేమంటారు?" అని చేతిలోని ఆ పుస్తకంలో బొమ్మ చూపించింది.

"లాకింగ్ కాలర్ అనుకుంటా."

"అనుకుంటే కుదరదండీ. నిఘంటువులో క్లాంపింగ్ రింగ్ అనుంది."

నా బీటెక్ పరువు కోసం నేనూ తగ్గలేదు. రెండు స్టాపులు వాదించుకున్నాం.

ఎదుటి సీటులోని ఐరిష్ పెద్దాయన మెడ చాచి చూశాడు. "అది యోక్. పక్కది ఇంకో యోక్. మీక్కావాల్సింది యోక్‌ని పట్టుకున్న యోక్."

పేరు గుర్తురాని ప్రతి వస్తువూ అక్కడ యోకే.

ఆవిడ కళ్లు మూసుకుని ఫోనులో అదే చెప్పింది.

"ఓ, ఆ యోకా! ముందే చెప్పొచ్చుగా," అన్నాడు మెకానిక్. కాసేపటికి ఫోనులో అతని వెనకాల యంత్రం గుర్రుమంది.

ఆవిడ నిఘంటువు మూసేసింది. పెద్దాయన జాలిపడ్డాడు.

"బాధపడకమ్మా, నీ ఇంగ్లిషు గ్రాండ్‌గానే ఉంది. కాస్త ఎక్కువైందంతే."