వెనక బెంచీ ఒప్పుకోని టీచరు

పరాయి దేశం వెళ్ళి పాఠాలు చెబుతానని సైన్సు టీచరు అన్న రోజున ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో చెప్పిన అనుభవం ఉంది, ఎమ్మెస్సీ ఉంది, బీఎడ్ ఉంది. అక్కడి స్కూలువాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేసి, సర్టిఫికెట్లన్నీ చూసి మరీ రమ్మన్నారు. అయినా ఆడపడుచు పనిగట్టుకుని వచ్చి, కుర్చీలో చతికిలబడి, ముక్కున వేలేసుకుంది.

"మా అన్నయ్యని ఇక్కడొదిలేసి నువ్వెళ్తావా వదినా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురినీ ఓసారి ఇంటికి తీసుకురా. ఏమనుకుంటున్నారో అడిగేద్దాం" అంది టీచరు, సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతూ.

భర్త ఎలక్ట్రీషియను. మనిషి మాటల పిసినారి. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. సూట్‌కేసు చక్రం వదులైందని స్క్రూడ్రైవరు తెచ్చి బిగించి పెట్టాడు. ఆయన ఒప్పుకోవడమంటే అంతే.

అక్కడి స్కూల్లో పొడవాటి వరండా, ఫినాయిలు వాసన, ఎవరి కప్పు వాళ్ళ కొక్కేనికి వేలాడే స్టాఫ్ రూము. ఈవిడ కప్పుకి కొక్కెం దొరక్క కిటికీలో పెట్టుకుంది. ఎనిమిదో తరగతికి వేడి గురించి మొదటి పాఠం. వేడినీళ్ళ గిన్నెలో స్టీలు గరిటె ఒకటి, చెక్క గరిటె ఒకటి పెట్టి, ఏది ముందు కాలుతుందో పట్టుకుని చూడమంది. పిల్లలు చూశారు. కానీ ఈవిడ నోరు విప్పినప్పుడల్లా కిసుక్కున నవ్వారు. ఇంగ్లీషు ఇంగ్లీషే, యాస మాత్రం మనది. ఒకడు అచ్చం ఈవిడలాగే పలికి చూపిస్తే క్లాసంతా బెంచీల మీద దొర్లింది.

రెండు వారాలు తిరక్కుండానే హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. నవ్వు మొహం, మెత్తటి గొంతు.

"మీ మాట అర్థం కావడం లేదని కొందరు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. సోమవారం నుంచి కొత్తగా చేరిన అమ్మాయి పాఠం చెబుతుంది. మీరు వెనక బెంచీలో కూర్చుని, వెనకబడ్డ పిల్లలకి సాయం చేయండి. జీతంలో తేడా ఉండదు. మీకూ శ్రమ తగ్గుతుంది."

"శ్రమ తగ్గించమని నేనడగలేదే" అంది టీచరు.

"మీ మంచికే చెబుతున్నాను."

"నెమ్మదిగా మాట్లాడమనండి, మాట్లాడతాను. ప్రతి మాటా బోర్డు మీద రాయమనండి, రాస్తాను. వెనక కూర్చోమంటే మాత్రం కూర్చోను. నన్ను పిలిపించింది పాఠం చెప్పడానికి."

"అలాగైతే మీ ఉద్యోగం గురించే ఆలోచించాల్సి వస్తుంది."

"ఆలోచించండి. తీసేస్తే టీచరుగా తీసేయండి. అసిస్టెంటుగా మాత్రం ఉండను."

ఆ మాట అనేసి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

బస్టాపులో నిలబడి భర్తకి ఫోన్ చేసింది. అంతా విని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"జీతం తగ్గదంటున్నారుగా. కొన్నాళ్ళు సర్దుకుపోరాదూ?"

"మిమ్మల్ని పనికి పిలిచి, వైరు ముట్టుకోవద్దు, ఇంకొకడు ఎక్కుతాడు, నువ్వు నిచ్చెన పట్టుకుంటే చాలు అంటే ఊరుకుంటారా?"

"ఊరుకోను" అన్నాడు.

"మరి నాకెందుకు చెబుతున్నారు?" అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం బెల్లు కొట్టకముందే వెళ్ళి బోర్డు దగ్గర నిలబడింది. కొత్తమ్మాయి పుస్తకాలు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"క్లాసు నన్ను తీసుకోమన్నారండీ..."

"నేను వదులుకోలేదమ్మా. నీతో నాకే గొడవా లేదు. కూర్చుంటానంటే వెనక చోటుంది."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, నిజంగానే వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. పిల్లలకి ఇది సినిమాలా ఉంది. ఎవరూ కదలడం లేదు.

"నా మాటకి నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి, ఆగుతాను" అంది టీచరు. "తర్వాత పాఠం. నా మాట అర్థం కాకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను. మీ మాట నాకు అర్థం కాకపోతే నేను చెయ్యెత్తుతాను."

నవ్వమంటే ఎవరికీ నవ్వు రాలేదు. పళ్ళకి క్లిప్పులున్న అమ్మాయి ముందు చెయ్యెత్తింది. ఆ తర్వాత, ఈవిడని వెక్కిరించినవాడే ఏదో గొణిగాడు. టీచరు చెయ్యెత్తింది. వాడు ఎర్రబడి మళ్ళీ చెప్పాడు. మూడోసారికి గానీ స్పష్టంగా చెప్పలేకపోయాడు. అప్పుడు నవ్వింది మాత్రం వాడి పక్కవాళ్ళే.

హెడ్‌మిస్ట్రెస్ చీవాట్లు పెట్టకుండా వదల్లేదు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, ఇంటికేనంది. ఫిర్యాదు రానే వచ్చింది. ఒక తండ్రి కొడుకుని వేరే సెక్షనులోకి మార్పించుకున్నాడు. ఆ సాయంత్రం టీచరు ఇరుకు గదిలో మంచం అంచున కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పిల్లలకి అందని మాటల్ని అద్దం ముందు పలికి చూసుకుంది. నాలుక తిరిగేదాకా వదల్లేదు. అంతకుమించి ఇంకెవరిలాగో మాట్లాడటానికి మాత్రం ఆవిడకి మనసొప్పలేదు.

పరీక్షల దాకా చూద్దామనుకుందేమో, హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి మాత్రం పంపలేదు. ఆ ఏడాది గడిచింది. పిల్లలు పరీక్షలు బాగానే రాశారు. మళ్ళీ ఏడాదికి ఎనిమిదితో పాటు తొమ్మిదో తరగతి సైన్సు కూడా ఈవిడకే వచ్చింది. బాగా చెబుతున్నావన్న మాట మాత్రం హెడ్‌మిస్ట్రెస్ నోట ఒక్కనాడూ రాలేదు. టీచరూ దాని కోసం ఎదురుచూడలేదు. భర్త వచ్చి చేరాడు. వచ్చీ రాగానే గదిలో మినుకు మినుకుమనే లైటు బాగుచేశాడు.

ఆ తర్వాత ఇంకో దేశం నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. మంచి చదువు, మెత్తటి మనిషి. కొన్నాళ్ళకి ఆయన్నీ ఆఫీసు గదికి పిలిచారు. ఆయన స్టాఫ్ రూములో లేచి చొక్కా సర్దుకున్నాడు. సైన్సు టీచరు తాగుతున్న టీ పక్కన పెట్టి ఆయన వెంట నడిచింది.

"మిమ్మల్ని పిలవలేదే" అంది హెడ్‌మిస్ట్రెస్.

"పిలవలేదండీ" అంటూ టీచరు మూలనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈయన్ని వెనక కూర్చోబెట్టే సంగతేగా? మాట్లాడుకుందాం, చెప్పండి."