దవడలో దాచినది

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. ఇరవై ఏళ్లుగా శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో దిగుతున్నవాడిని. కింద నిప్పు వెలిగించకూడదు, బీడీ తాగకూడదు, అందుకే మాలో చాలామంది దవడన పొగాకు పెట్టుకుంటారు, నేనూ పెట్టుకున్నాను, పైగా ఇదే మందిరంలో నిలబడి బీడీ మానేశానని సాక్ష్యం చెప్పాను! ప్రభువు బల్ల ముందు రొట్టె, ద్రాక్షరసం కోసం మోకరించినప్పుడు కూడా ఆ ముద్ద నా దవడలోనే ఉంది.

అక్కడే నాలుక పక్కన పుండు లేచింది. కరీంనగర్‌లో ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు, నాలుక కొంత కోయాల్సి రావచ్చన్నారు. మన సంఘంలో పాట ఎత్తేది నేనే కదా, నాలుక పోతే నాకేం మిగులుతుంది? ఆ రోజు నా భార్య సుగుణకు అంతా ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు.

"ఇగ దేవుని ముంగటనన్న దాచకు" అన్నది.

ఇద్దరం మోకరించాం. "ప్రభువా, పాట నువ్వే ఇచ్చినవ్, నోరు నేనే ఖరాబు చేసుకున్న. నీకిష్టమైతే ఉంచు" అని ఏడ్చాను.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ కొత్త వైద్యం ఒకటి పరీక్షిస్తున్నారు. లోహం కలిసిన ఒక రంగు మందును రక్తంలోకి ఎక్కిస్తారు, అది పోయి గడ్డలో చేరుతుంది, ఒక కాంతి వేస్తే మెరిసి గడ్డ ఎంతవరకు ఉందో చూపిస్తుంది, మరో కాంతి వేస్తే అక్కడికక్కడే దాన్ని చంపుతుంది. అందరికీ పనిచేయదని, నాది పైపైనే ఉంది కాబట్టి ప్రయత్నిద్దామని డాక్టరమ్మ చెప్పింది. తెర మీద నా నోరు నాకు చూపించారు. చుట్టూ చీకటి, మధ్యన ఎర్రగా ఒక మచ్చ, బాయిలో దూరాన్నుంచి వచ్చే మనిషి తల మీది లైటులాగా, సరిగ్గా నేను ముద్ద పెట్టుకునే చోటే! ఇన్నేళ్లు దాచినది అలా వెలుగుతుంటే సిగ్గేసింది, ఎందుకో భయం మాత్రం పోయింది.

రెండో కాంతి కూడా వేసి ఇంటికి పంపుతూ, మందు ఒంట్లో ఉన్నన్నాళ్లు ఎండ తగలకూడదన్నారు. క్వార్టరు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నాను. చీకటి నాకు పాతదే, కానీ ఆ చీకటి వేరు, పగలో కలో తెలిసేది కాదు, నాలో ఇంకా ఆ వెలుగు తిరుగుతున్నట్టే ఉండేది, అవతల సుగుణ గిన్నెలు తోముతూ తీసే కూనిరాగం నీళ్ల మీద తేలి వస్తున్నట్టుండేది. చెయ్యి అలవాటుగా జేబులో వెతికేది. జేబులో ఏమీ లేదు.

తర్వాతి పరీక్షల్లో గడ్డ కనబడలేదు. దేవునికే మహిమ! ఆ డాక్టరమ్మకు ఆ తెలివినిచ్చింది ఆయనే. ఇంకా చూపించుకుంటూ ఉండమన్నారు, వెళ్తూనే ఉన్నాను.

ఈరోజు ప్రభువు బల్ల. నా దవడ ఖాళీగా ఉంది, నా నాలుక నాకుంది. మీలో ఎవరైనా ఏదైనా దాచుకుని కూర్చుంటే భయపడకండి, ఆయన చూసి కూడా మన చెయ్యి విడిచిపెట్టడు. బయట నల్లా ఉంది, ఉమ్మేసి నోరు కడుక్కుని రండి. మీరు వచ్చేదాకా నేను పాట ఎత్తను.