పెళ్లిగుర్రమెక్కిన కౌబాయ్

షేక్ బాజీ గుర్రం ఎక్కని పెళ్లికొడుకులు తిరువూరులో తక్కువ. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒకటే. తెల్లగుర్రానికి పూసల కళ్లెం కట్టి, పెళ్లికొడుకుని ఎక్కించి, మండపం దాకా నడిపించడం. ఇప్పుడున్న మోతీ మూడో గుర్రం. గుర్రం ఆయనదే, జీను మీద కూర్చునేది మాత్రం ఎప్పుడూ ఇంకెవరో.

మొన్న వేసవిలో ఒక్కసారి ఆయనే కూర్చున్నాడు, అదీ కెమెరా ముందు. అంతమాత్రానికే ఊరు ఆయన బతుకుతెరువు లాగేసుకుంది.

పెళ్లి వీడియోలు తీసే జోజిబాబుకి ఓ చిన్న కౌబాయ్ సినిమా తీయాలని ఎన్నాళ్ల కోరికో. పద్నాలుగు నిమిషాల సినిమా. ఇద్దరు పశువుల కాపర్లు, ఒకరంటే ఒకరికి ప్రేమ. సంగతి బయటపడి ఒకడు ఊరు వదిలి పోవాల్సొస్తుంది. అంతే కథ. రెడ్డిగూడెం మామిడి తోటల వెనక, గ్రావెల్ తవ్వి వదిలేసిన ఎర్రగుంతల్లో తీశారు. పశువులంటే గేదెలే దొరికాయి. ఉండిపోయేవాడి వేషం జయకర్‌ది. గంపలగూడెంలో ప్రైవేటు బళ్లో సైన్సు మాస్టారు. గుర్రమెక్కి పోయేవాడి వేషానికి తెచ్చిన నటుణ్ణి మోతీ రెండుసార్లు కింద పడేసింది.

"బాబాయ్, నువ్వే ఎక్కు," అన్నాడు జోజిబాబు.

"నాకు యాక్టింగ్ ఏం వచ్చురా?"

"నువ్వు రోజూ మోతీతో మాట్లాడతావు చూడు, అలాగే జయకర్‌తో మాట్లాడు. చాలు."

"ముందు కథేంటో మొత్తం చెప్పు. సగం చెప్పి ఎక్కించకు."

మొత్తం చెప్పాడు. బాజీ కాసేపు గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఎ.కొండూరు వైపు ఎప్పుడో నడిపించిన ఒక పెళ్లి ఊరేగింపు గుర్తొచ్చింది. పెళ్లికొడుకు గుర్రం మీద, అతని స్నేహితుడు కాలు పెట్టుకునే రికాబు పట్టుకుని పక్కన. "నిదానంగా నడిపించు బాబాయ్" అని పెళ్లికొడుకు మూడుసార్లు అడిగాడు. మండపం దగ్గరికొచ్చేసరికి ఆ ఇద్దరి మొహాలు చూడలేక బాజీ తల దించుకున్నాడు. ఏమీ అడగలేదు. నడిపించాడు, దించాడు, వచ్చేశాడు. అలా వచ్చేసినందుకు తనని తాను ఎప్పుడూ క్షమించుకోలేదు.

ఎక్కాడు.

విడిపోయే సీనులో బాజీ గుర్రం మీంచి వంగి, జయకర్ నుదుటికి నుదురు ఆనించాడు. సరిగ్గా అప్పుడే పక్కూళ్లో డప్పు మోగింది. పెళ్లిగుర్రం డప్పు వింటే ఆగుతుందా? మోతీ కాళ్లు ఎత్తెత్తి వేస్తూ చిందులు మొదలెట్టింది. ఏడవాల్సిన ఇద్దరూ పకపకా నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ నిజంగానే ఏడ్చారు. జోజిబాబు ఆ ముక్క తీసెయ్యలేదు.

సినిమాని యూట్యూబ్‌లో పెడితే నెలరోజులు ఎవడూ చూడలేదు. తర్వాత ఎవడో ఆ చిందుల ముక్క ఒక్కటీ కోసి, సన్నాయి కలిపి, "కొత్త పెళ్లికొడుకులు" అని వాట్సాప్‌లో వదిలాడు.

"ఏం బాజీ భాయ్, శోభనం ఎప్పుడు?" అన్నాడొకడు బస్టాండు దగ్గర.

"నీ బరాత్‌లో నీ ఫ్రెండుని కూడా గుర్రం ఎక్కించుకుని ముద్దులు పెట్టావు గదరా. ఆ వీడియో జోజిబాబు దగ్గర భద్రంగా ఉంది. వెయ్యమంటావా?"

వాడు గబగబా బస్సెక్కేశాడు. కానీ ఎంతమంది నోళ్లు మూయిస్తాడు? తాగి ఒకడి మెడ ఒకడు వాటేసుకుంటే సరదా. చెయ్యీ చెయ్యీ పట్టుకుని బజారంతా తిరిగితే స్నేహం. ప్రేమ అని పేరు పెట్టిన మరుక్షణం పరువు, సంస్కృతి, పిల్లల భవిష్యత్తు అన్నీ లేచి నిలబడతాయి. చివరికి గుర్రానికి కూడా మైల అంటగట్టారు. హిందువులు వద్దన్నారు, ముస్లింలు వద్దన్నారు, క్రైస్తవులు వద్దన్నారు. తాగునీళ్ల కోసం ఏనాడూ ఒక్క మాట మీద నిలబడని ఊరు, ఒక మనిషి నోటికాడ కూడు లాక్కోవడానికి నిలబడింది.

బళ్లో యాజమాన్యం జయకర్‌ని సోమవారం సంజాయిషీ ఇమ్మంది. ఆ ముందు శనివారం పొద్దున రాయప్ప బాజీ ఇంటికొచ్చాడు. పెళ్లిళ్లకు బ్యాండు, లైట్లు, గుర్రం మాట్లాడిపెట్టే కాంట్రాక్టరు ఆయన.

"అందర్నీ నేను ఒప్పిస్తా బాజీ. ఒక్క నిమిషం వీడియో చెప్పు. కథ నాకు తెలీదు, గుర్రం కావాలని పిలిచి ఆ జయకర్ నన్ను మోసం చేశాడు, మీద పడ్డాడు, అను."

"వంగింది నేను గదండీ."

"అబ్బా, అది యాక్టింగే గదయ్యా! ఇదీ యాక్టింగే అనుకో."

"ఈ మాట నేనంటే సోమవారం ఆయన్ని బళ్లో ఉంచుతారా?"

"వాడి ఖర్మ. అసలు వాడు నిజంగానే అలాంటోడంటగా?"

"ఆయన సంగతి నన్నడుగుతారేంటండీ?"

రాయప్ప ఫోను పైకెత్తాడు. "ఊఁ, చెప్పు."

బాజీ గొంతు సవరించుకున్నాడు. "నా పేరు షేక్ బాజీ. మాది తిరువూరు. ఆ సినిమా కథ నాకు ముందే చెప్పారు. మొత్తం విన్నాకే గుర్రమెక్కాను. నన్నెవరూ మోసం..."

రాయప్ప ఫోను దించేశాడు. "నీకేమన్నా మతిపోయిందా? పెళ్లాం ఉన్నోడివి!"

"పెళ్లాం ఇక్కడే ఉందండి," అంది షమీమ్. గడ్డిమోపు కింద పడేసి, చేతులు చీరకి తుడుచుకుని, గూట్లోంచి తన ఫోను తీసింది. "ఏమయ్యా, మళ్లీ మొదట్నుంచి చెప్పు. ఆయన ఫోన్లో సగమే పడింది."

చెప్పాడు. జయకర్ తన మీద పడలేదని, తనే వంగానని, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పాడు. షమీమ్ వేలు అడ్డమొచ్చి సగం తెర చీకటే. అలాగే వాట్సాప్‌లో పెట్టేశారు.

సోమవారం జయకర్ బడికి వెళ్లాడు. మోసపోయానని చెప్పేవాడు లేక, యాజమాన్యానికి కాగితం మీద రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. మూతి ముడుచుకుని పాఠం చెప్పుకోమన్నారు.

బాజీకి మాత్రం ఈ సీజన్‌లో ఒక్క పెళ్లీ రాలేదు. గంపలగూడెం రోడ్డులో అద్దె ఆటో తోలుతున్నాడు. రాయప్ప ఎక్కణ్ణుంచో వేరే గుర్రాన్ని తెప్పించాడు. మొన్నొక సాయంత్రం ఆ ఊరేగింపు రోడ్డంతా ఆక్రమించి ఆటోకి ఎదురొచ్చింది. ముందు నడుస్తున్న రాయప్ప, పక్కకి తీసుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

నెమ్మది మనిషని పేరున్న బాజీ హారన్ మీద అరచెయ్యి పెట్టాడు. దారి ఇచ్చేదాకా తియ్యలేదు.